తుగ్గలి నుంచి తోలుబొమ్మల ఊరికి

తొలకరి వాన పడిందంటే చాలు, తుగ్గలి, జొన్నగిరి పొలాలు జనంతో నిండిపోతాయి. ఎక్కడెక్కడి వాళ్ళో సద్దిమూటలు కట్టుకొచ్చి, వజ్రం దొరుకుతుందేమోనని తలవంచుకుని నేలనే వెతుకుతూ తిరుగుతారు. ఆ సంగతి ఏటా పేపర్లలో చదువుతూనే ఉన్నాం. ఎర్రగుడి బండల మీది అశోకుని శాసనాలనూ కొందరైనా చూసే ఉంటారు. అటు వెళ్ళినవాళ్ళు ఇంకొక్క రోజు మిగుల్చుకుంటే నిమ్మలకుంట కూడా చూసి రావచ్చు.

తుగ్గలిలో ప్యాసింజరెక్కి గుంతకల్లులో దిగాలి. అక్కడ బండి మారితే గుత్తి, అనంతపురం మీదుగా ధర్మవరం. ధర్మవరం అనగానే మన కాళ్ళు పట్టుచీరల కొట్లవైపే లాగుతాయి. ఆ పని తిరుగు ప్రయాణానికి పెట్టుకోండి, లేకపోతే నిమ్మలకుంట చేరినట్టే! ఆ ఊరు ధర్మవరం మండలంలోదే. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా కిందికి వచ్చింది.

ఇక్కడి బొమ్మల కళాకారులు ఇంట్లో మాట్లాడేది మరాఠీ, తెర వెనక పాడేది తెలుగు. ఒకప్పుడు జింకతోలు కూడా వాడేవారు. ఇప్పుడు మేకతోలే. తోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, పలచన చేసి, ఎండలో బిగదీసి ఆరబెడతారు. ఆరాక అది అప్పడంలా వెలుగును లోపలికి రానిస్తుంది. దాని మీద బొమ్మ గీసి, చిన్న చిన్న ఉలులతో చిల్లులు కొడతారు. సీతమ్మ నగలన్నీ ఆ చిల్లులే. దీపం వెనక పెట్టగానే ముత్యాల్లా మెరుస్తాయి. రంగు రెండువైపులా వెయ్యాలి, ఒకవైపు వేస్తే వెలుగులో సరిగా రాదు. చేతులు, కాళ్ళు విడిగా కోసి దారంతో ముడివేస్తారు. అందుకే బొమ్మ ఆడుతుంది.

ఆడవాళ్ళ చెయ్యి లేని పని ఇందులో లేదు. ఆటలో సీతకీ, మండోదరికీ గొంతు వాళ్ళదే. మధ్యమధ్య బంగారక్క, జుట్టు పోలిగాడు వచ్చి పోట్లాడుకుంటుంటే పిల్లలు నిద్రమానుకుని నవ్వేవారు. వానలు రాకపోతే ఊళ్ళవాళ్ళు పిలిపించి ఆడించేవారు. రాత్రంతా ఆట.

సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, పిలిచే ఊళ్ళు తగ్గిపోయాయి. దాంతో అవే చేతులు లాంతరు గూళ్ళు, గోడబొమ్మలు చెయ్యడం మొదలుపెట్టాయి. లేపాక్షి షాపుల్లో మనం చూసేవి ఇలాంటివే. ఈ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. జావా దీవిలోనూ ఇలాంటి తోలుబొమ్మలాట ఉంది. దాన్ని యునెస్కో 2003లోనే గొప్ప వారసత్వంగా ప్రకటించింది.

లాంతరు గూడు కొంటే ఒక ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, అది కాదనను. కానీ తీగచట్రానికి కుట్టేసిన హనుమంతుడు ఎగరలేడుగా! ఆట ఆడేవాళ్ళు లేకపోతే పాటలు, పద్యాలు నేర్చుకునే పిల్లలెక్కడ వస్తారు? ఇంట్లో పెళ్ళో, ఊళ్ళో జాతరో ఉంటే, ఆర్కెస్ట్రాకి ఇచ్చే డబ్బులో కొంత పెట్టి ఒక గంట ఆట పెట్టించినా చాలు. బొమ్మలు కొనడంకన్నా నాకు అదే ముఖ్యమనిపిస్తుంది.

కొనేటప్పుడు మాత్రం బొమ్మను వెలుగుకి ఎదురుగా పట్టి చూడండి. చేత్తో కొట్టిన చిల్లులు అన్నీ ఒకేలా ఉండవు. రంగు రెండువైపులా ఉందో లేదో తిప్పి చూడండి. ఇంటికి తెచ్చాక తడిగుడ్డ తగలనివ్వకండి, తోలు ముడుచుకుపోతుంది. పొడిగుడ్డతో దుమ్ము దులిపితే చాలు. లోపల వేడెక్కే పాత బల్బు కాకుండా ఎల్‌ఈడీ పెట్టండి.