సీటు కింద పంచరు షాపు

ఎండాకాలం మధ్యాహ్నం. అనంతసాగరం దాటి సోమశిల వైపు వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా కంప చెట్లే. వెనక భార్య, ముందు ట్యాంకు మీద పిల్లాడు... బండి ఉన్నట్టుండి పాములా మెలికలు తిరుగుతుంది. దిగి చూస్తే వెనక టైరు నేలకి అంటుకుపోయి ఉంటుంది!

పట్నంలో అయితే సందుకో పంచరు షాపు. ఆత్మకూరు బస్టాండు దగ్గరైనా బెంగ లేదు. ఇక్కడ మాత్రం ఎండలో బండిని నెట్టుకుంటూ పోవాల్సిందే. గాలి లేని టైరుతో అలాగే నడిపిద్దామా అంటే, లోపల ట్యూబు నలిగి, వాల్వు మొదట్లో చిరుగుతుంది. ఒక్క అతుకుతో పోయేది కొత్త ట్యూబు దాకా వస్తుంది. అందుకే ఈ మెట్ట ఊళ్లలో కొందరి బండ్లకు సీటు కిందో, పక్క పెట్టెలోనో ఓ చిన్న మూట కనిపిస్తుంది.

మూట విప్పితే మూడు టైరు లివర్లు, ఇరుసు నట్టుకు సరిపడే పానా, వాల్వు కీ, గరుకు కాగితం, సొల్యూషను, నాలుగు ప్యాచీలు. కాస్త ముందుచూపున్నవాళ్లు పౌడరు చల్లి మడిచిన స్పేరు ట్యూబు కూడా పెట్టుకుంటారు. పౌడరు లేకపోతే ఎండకి రబ్బరు రబ్బరుకి అతుక్కుంటుంది. ఇనుప సామాన్లు గతుకుల్లో గలగలమనకుండా పాత ప్యాంటు గుడ్డలో చుట్టి, పాత ట్యూబు నుంచి కోసిన బద్దీతో బిగిస్తారు. చేతి పంపు క్యారియరు పక్కన కట్టేస్తే సరి.

స్కూటర్ల కాలంలో ఇంత హైరానా లేదు. చేతక్ కొన్న ఇంట్లో స్టెప్నీ కూడా ఉండేది. ఈ మాట పుట్టింది ఎక్కడో కాదు, బ్రిటన్‌లోని వేల్స్‌లో. లానెల్లి పట్టణంలోని స్టెప్నీ వీధిలో 1904లో డేవిస్ సోదరులు స్పేరు చక్రం తయారుచేశారు. ఆ వీధి పేరు మన నోళ్లలో నిలిచిపోయింది. మోటారు సైకిలుకు స్టెప్నీ కట్టుకునే చోటు లేదు కనక పనిముట్లే దిక్కు.

అసలు టైరు ఊడదీయడమనేది కూడా ఒకప్పుడు గగనమే. డన్‌లప్ 1888లో గాలి టైరు తెచ్చాడు కానీ, దాన్ని చక్రానికి జిగురుతో అంటించేవారు. ఫ్రాన్స్‌లో మిషెలిన్ సోదరుల ఫ్యాక్టరీకి ఓ సైక్లిస్టు అలాంటి టైరుతో వస్తే, బాగుచేయడానికి గంటలు పట్టింది, ఆరడానికి రాత్రంతా! ఆ తిప్పలు చూసే వాళ్లు 1891లో ఊడదీసే టైరు తెచ్చారు. ఆ ఏడాదే పారిస్-బ్రెస్ట్-పారిస్ సైకిలు పందెంలో దానితోనే చార్లెస్ టెరాన్ గెలిచాడు.

ఇక పని విషయానికొస్తే, తెలిసినవాళ్లు వెనక చక్రం జోలికే పోరు. చైను, బ్రేకు రాడ్డు విప్పడం ఎవరికి కావాలి! సెంటరు స్టాండు వేసి, ఉన్న గాలంతా తీసేసి, టైరు అంచుని కాలితో తొక్కి రిమ్ము మధ్యనున్న పల్లంలోకి దించుతారు. అప్పుడే అవతలి వైపు అంచు వదులవుతుంది. ఇది తెలియక బలం కొద్దీ లివరు వేస్తే ట్యూబుకు రెండో చిల్లు ఖాయం. ఒక పక్క అంచు తప్పించి, ట్యూబుని బయటికి లాగుతారు. బక్కెట్లో నీళ్లుంటే బుడగలు చూడొచ్చు. లేకపోతే ట్యూబుని చెంప దగ్గర పెట్టుకుంటే గాలి ఎక్కడ తగులుతోందో తెలుస్తుంది. గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషను రాసి, అది కాస్త ఆరేదాకా ఆగాలి. తొందరపడి అంటిస్తే పది కిలోమీటర్లలో మళ్లీ దిగాలి.

అన్నిటికన్నా ముఖ్యం, టైరు లోపల వేళ్లతో నెమ్మదిగా తడమడం. కంప ముల్లు విరిగి టైరులోనే దాక్కుంటుంది. దాన్ని తీయకుండా ట్యూబు ఎక్కిస్తే శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. ఎక్కించేముందు ట్యూబులో కాస్త గాలి నింపితే లివరు కింద నలగదు.

ఇప్పుడొచ్చే చాలా బండ్లకు ట్యూబ్‌లెస్ టైర్లు. ముల్లు లాగి, కన్నంలో రబ్బరు పురి దూర్చి గాలి కొడితే పావుగంటలో ప్రయాణం. పురి, సూది, పంపు ఉంటే చాలు. అయినా రాయి తగిలి టైరు పక్క గోడ చీలితే పురి పనిచేయదు. ఇక పాలక్యాన్లు, ధాన్యం బస్తాలు మోసే పాత బండ్లు ఇంకా ట్యూబులతోనే నడుస్తున్నాయి.

సెలవు రోజుల్లో ఉదయగిరి దుర్గం చూడ్డానికి కుర్రాళ్లు బండ్ల మీద వస్తుంటారు. శ్రీకృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి, 1514లో గెలిచిన కొండకోట అది. సెల్‌ఫోను ఛార్జరు మర్చిపోరు కానీ పంపు తెచ్చేవాళ్లు తక్కువే. రోడ్డు పక్కన వాళ్లు దిగాలుగా నిలబడితే, దారినపోయే రైతు ఆగి "ఏం అబ్బయా, పంచరా?" అంటాడు. జవాబు వినకముందే సీటు కింద చెయ్యి పెడతాడు.

మూటతో వచ్చే చిక్కు కూడా అదే. ఊళ్లో ఎవరి దగ్గర పంపు ఉందో అందరికీ తెలుసు. అడిగితే లేదనలేరు. తీరా తమ బండికి గాలి పోయినప్పుడు చూసుకుంటే అది వీధి చివరి ఇంట్లో ఉంటుంది!