దారి తప్పిన నీలి చుక్క



ఈ మధ్య మీ ఉత్తరాల్లో ఒకే బాధ రకరకాలుగా కనిపిస్తోంది. హ్యాండిల్‌కు ఫోను బిగించుకుని కాగజ్‌నగర్ నుంచి బెజ్జూరు పోతుంటే మ్యాపులో నీలి చుక్క రోడ్డు దిగి చేలల్లోకి పోతోందని ఒకరు రాశారు. డ్యాష్‌క్యామ్ పెట్టించినప్పటి నుంచి హెల్మెట్ బ్లూటూత్‌లో మాట తెగిపోతోందని ఇంకొకరు. ఎఫ్‌ఎం పెడితే బుర్రుమనే చప్పుడు, యాక్సిలరేటర్ ఇస్తే అదీ పెరుగుతోందని మరొకరు. చివరికి అందరిదీ ఒకే మాట: అడవి దారి కదా, సిగ్నల్ ఉండదు. అడవిని అనే ముందు మీ బండి మీది ఛార్జర్‌ను ఒకసారి అనుమానించండి.

బండి బ్యాటరీ 12 వోల్టులది, ఇంజన్ నడుస్తుంటే 14 దాకా పోతుంది. ఫోనుకు మామూలుగా 5 చాలు. తగ్గించడానికి ఛార్జర్‌లోని చిప్ కరెంటును సెకనుకు లక్షల సార్లు ఆపుతూ వదులుతూ ఉంటుంది. ఆ కోతలోంచి పుట్టే అలజడి పై ఫ్రీక్వెన్సీలకు పాకి రేడియో దాకా, ఒక్కోసారి జీపీఎస్ దాకా చేరుతుంది. మంచి ఛార్జర్‌లో దాన్ని లోపలే ఆపే కాయిల్, కెపాసిటర్లు ఉంటాయి. చవక సరుకులో ఖర్చు తగ్గించుకునేది సరిగ్గా అక్కడే. ఇక బ్యాటరీ నుంచి హ్యాండిల్ దాకా లాగిన వైరు ఆ అలజడికి యాంటెనాగా పనిచేస్తుంది.

జీపీఎస్ ఉపగ్రహాలు తిరిగేది దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున. అక్కడి నుంచి 1575.42 మెగాహెర్ట్జ్‌లో బయల్దేరిన సంకేతం మన ఫోనును చేరేసరికి దాని బలం సుమారుగా ఒక వాట్‌లో కోటికోట్ల వంతు, అందులో మళ్లీ నూరో వంతు. మన నావిక్ ఉపగ్రహాల సంకేతమూ ఇంతే బలహీనం. బరాత్‌లో బ్యాండు పక్కన నిలబడి ఎవరో చెవిలో చెప్పే గుసగుస వినాలంటే ఎంత కష్టమో, మొరటు ఛార్జర్ పక్కన ఫోనుకు అంత కష్టం.

మరి ఊళ్లో ఈ తంటా ఎందుకు కనబడదు? ఊళ్లో మొబైల్ టవర్లు, ఇళ్లలోని వైఫైలు కూడా ఫోనుకు చోటు చెప్పడంలో సాయపడతాయి. అడవి దారిలో టవర్లు దూరం. పైన వానకు తడిసిన టేకాకులు సంకేతాన్ని ఇంకా తగ్గిస్తాయి. ఛార్జర్ చేసే అలజడి మాత్రం ఊళ్లో ఎంతో అడవిలోనూ అంతే. అందుకే జబ్బు బండిదైనా పేరు అడవికి వస్తోంది.

తాడోబా వైపు నుంచి పులులు వచ్చిపోయే ప్రాంతం మనది. చీకటి పడితే దారి కనబడాలని ఎక్స్‌ట్రా ఎల్‌ఈడీ లైట్లు పెట్టించుకునేవాళ్లు చాలామంది. తప్పేం లేదు. కానీ వాటిలో చాలావాటికి కూడా ఛార్జర్‌లో ఉండేలాంటి సర్క్యూటే ఉంటుంది. లైటు వేయగానే రేడియో గరగరలాడితే దొంగ దొరికినట్టే.

ఇది కొత్త జబ్బేమీ కాదు. టీవీల తొలి రోజుల్లో ఇంటి ముందు నుంచి రాజ్‌దూత్ పోతే దూరదర్శన్ తెర మీద చుక్కలు, గీతలు రాలేవి. స్పార్క్ ప్లగ్గులో రేగే నిప్పురవ్వ కూడా ఒక చిన్న రేడియో ప్రసారమే. అందుకే ప్లగ్గులో సుమారు 5,000 ఓముల రెసిస్టర్ పెట్టడం మొదలైంది. చాలా కంపెనీల ప్లగ్గు నంబరులో ‘ఆర్’ అక్షరం ఉంటే అది రెసిస్టర్ ప్లగ్గని గుర్తు. ఇలాంటి అలజడులను అదుపు చేయడానికి 1934లోనే సీఐఎస్‌పీఆర్ అనే అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. మన దేశంలో వాహనాలకు ఏఐఎస్-004 ప్రమాణం ఉంది. షోరూము బండి దాన్ని దాటే వస్తుంది. తర్వాత మనం ఒక్కొక్కటిగా బిగించుకున్నవన్నీ కలిసి ఎలా ప్రవర్తిస్తాయో పరీక్షించేవాళ్లు లేరు. ఆ పని మనమే చేసుకోవాలి.

చెట్లు, గోడలు లేని చోట బండి ఆపండి. ఉపగ్రహాల బలాన్ని గీతల్లో చూపే యాప్‌లు ఉచితంగానే దొరుకుతాయి. ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి, ఛార్జర్ తీసేసి గీతలు చూడండి. తర్వాత ఛార్జర్ పెట్టండి, డ్యాష్‌క్యామ్ వేయండి, లైట్లు వేయండి, చివర ఇంజన్ స్టార్ట్ చేయండి. ఒక్కోదానికి మధ్య కాస్త ఆగండి. ఏది వేయగానే గీతలు పడిపోతాయో తప్పు దానిదే. రేడియో చప్పుడు ఇంజన్ స్టార్ట్ చేశాకే మొదలై దాని వేగంతో మారుతుంటే ప్లగ్గు, ప్లగ్ క్యాప్, రెగ్యులేటర్ వైపు చూడండి.

మందు పెద్ద ఖర్చు కాదు. ప్లస్, మైనస్ వైర్లను జడలా మెలిపెట్టి లాగమని మెకానిక్ అన్నకు చెప్పండి. బ్యాటరీ దగ్గర ఫ్యూజు తప్పకుండా పెట్టించండి. పాత కంప్యూటర్ కేబుళ్ల చివర ఉబ్బుగా కనిపించే నల్ల ఫెర్రైట్ గుర్తుందా? అలాంటిది ఛార్జర్ వైరుకు తొడిగితే చాలా అలజడి తగ్గుతుంది. డ్యాష్‌క్యామ్‌ను ఫోనుకు వీలైనంత దూరంగా జరపండి. దాని వైఫై, హెల్మెట్ బ్లూటూత్ రెండూ సాధారణంగా 2.4 గిగాహెర్ట్జ్‌లోనే తోసుకుంటాయి కాబట్టి నడిపేటప్పుడు వైఫై ఆపేయండి. ఇవన్నీ చేశాక కూడా చుక్క కుదురుకోకపోతే ఛార్జర్ మార్చండి, ఫోను కాదు.

పరీక్ష చేసినవాళ్లు ఏ బండి, ఏం బిగించారు, ఏది వేస్తే గీతలు పడిపోయాయి అని రాయండి. దహెగాం, కౌటాల, సిర్పూర్ దారుల్లో తిరిగేవాళ్ల ఉత్తరాల కోసం మరీ ఎదురుచూస్తాను.

ఉంటాను,
మీ కాగజ్‌నగర్ మిత్రుడు