ఆ అమ్మాయిల ఆటకి ఊరంతా వెళ్తుంది

నెబ్రాస్కాలో ఆగస్టు నెలాఖరుకి పొలాల్లో మొక్కజొన్న గింజ గట్టిపడుతుంది. లింకన్‌లో యూనివర్సిటీ అమ్మాయిల వాలీబాల్ సీజన్ మొదలయ్యేదీ అప్పుడే. ఇక డిసెంబరు మూడోవారం దాకా బ్యాంకుకి వెళ్లినా, పిల్లల్ని పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినా, ఒమాహా గుళ్లో ప్రసాదం వరసలో నిలబడినా చెవిన పడేది ఆ కబురే. నిన్న ఎవరు బాగా ఆడారు, ఎవరి మడమ బెణికింది, శుక్రవారం వచ్చే జట్టులో పొడగరి పిల్ల ఎవరు.

మగవాళ్ల ఆట గురించి ఇలా మాట్లాడుకోవడం మా గోదావరి జిల్లాలో చిన్నప్పటి నుంచీ విన్నాను. పందొమ్మిది, ఇరవయ్యేళ్ల ఆడపిల్లల ఆట గురించి రైతులు, లారీ డ్రైవర్లు, రిటైరైన టీచర్లు ఇంత శ్రద్ధగా, ఇంత హక్కుగా వాదించుకోవడం మాత్రం ఇక్కడే చూశాను. 2023 సీజన్ మొత్తం మా అమ్మాయీ నేనూ వదలకుండా చూశాం. కొన్ని మ్యాచ్‌లు హాల్లో కూర్చుని, ఎక్కువ టీవీలో. దాని గురించి రాయాలని అప్పటి నుంచీ మనసులో ఉంది.

ముందు ఆగస్టు 30 సంగతి చెప్పాలి. ఈ జట్టు మామూలుగా ఆడేది డెవానీ సెంటర్‌లో, అందులో ఎనిమిది వేల పైచిలుకు మంది పడతారు. ఆ రోజు మాత్రం నెట్‌ని తీసుకెళ్లి మెమోరియల్ స్టేడియం నేల మీద కట్టారు. అది అబ్బాయిల అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియం. ఈ రాష్ట్రంలో దానికున్న గౌరవం మాటల్లో చెప్పేది కాదు. ఇంతా చేయడానికి కారణం పౌరుషం. అంతకు ముందు ఏడాది విస్కాన్సిన్ యూనివర్సిటీ ఒక్క మ్యాచ్‌కి 16,833 మందిని రప్పించి మామూలు సీజన్ మ్యాచ్‌ల ప్రేక్షకుల రికార్డు పట్టుకుపోయింది. దాన్ని వెనక్కి తెచ్చుకోవాలని కోచ్ జాన్ కుక్, యూనివర్సిటీ వాళ్లు గట్టిగా అనుకున్నారు. టికెట్లు పెట్టిన కొద్ది రోజుల్లోనే ఎనభై వేలు దాటాయి. ఆ సాయంత్రం స్టేడియంలో ప్రకటించిన సంఖ్య 92,003. అంతకు ముందు సంవత్సరం బార్సిలోనాలో అమ్మాయిల ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వచ్చిన 91,648ని అది దాటింది. 1971లో మెక్సికో నగరంలో లక్ష మందికి పైగా మహిళల ఫుట్‌బాల్ చూశారని చెబుతారు కానీ ఆ టోర్నీ అధికారికం కాదు. నమోదైన లెక్కల్లో ఆడవాళ్ల ఆటకి అంత జనం అంతకు ముందు ఎక్కడా రాలేదు.

మేం కూర్చున్న పై వరసల నుంచి చూస్తే కోర్టు అగ్గిపెట్టెంత కనిపించింది. గాలి వీస్తుంటే సర్వీస్ ఎటు పోతుందోనని నా భయం. సొరంగంలోంచి ఎర్ర చొక్కాల పిల్లలు బయటికి రాగానే లేచిన అరుపు ఇంకా ఒంట్లో ఉంది. మా ముందు వరసలో పదేళ్ల అబ్బాయిలు ఇద్దరు. వాళ్ల వీపుల మీద మన జట్టులో ఆడే లెక్సీ రోడ్రిగ్స్ పేరు. ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, ఇంతమందీ మా ఆట చూడ్డానికే వచ్చారా?" అంది. స్కూల్లో తనూ వాలీబాల్ ఆడుతుంది. తొంభై రెండు వేల మంది మధ్యలో ఆ 'మా' అన్న మాటకి నాకు కళ్లు తిరిగినంత పనైంది. ఒమాహా జట్టు మీద మనవాళ్లు మూడు సెట్లూ గెలిచారు. ఆ రోజు గెలుపు ఎవరికీ అంత ముఖ్యం కాలేదు.

ఇదంతా ఒక్క రోజులో వచ్చిన పిచ్చి అనుకుంటే పొరపాటు. కాలేజీల్లో ఆడపిల్లలకీ సమానంగా అవకాశాలు ఇవ్వాలని అమెరికాలో 1972లో చట్టం వచ్చింది. ఇక్కడి జట్టు 1975లో పుట్టింది. 1977లో టెర్రీ పెటిట్ కోచ్‌గా వచ్చి ఇరవై మూడు సీజన్లు ఉండిపోయాడు. మొదటి జాతీయ టైటిల్ రావడానికి 1995 దాకా పట్టింది. ఆయన తర్వాత వచ్చిన జాన్ కుక్ ఇరవై అయిదు సీజన్లలో నాలుగు టైటిళ్లు తెచ్చాడు. నలభై ఎనిమిది సీజన్లలో ఇద్దరంటే ఇద్దరు కోచ్‌లు. నిలకడ అంటే ఏమిటో ఆ లెక్కలోనే ఉంది. 2001 నుంచి ఇక్కడ సీజన్ మ్యాచ్‌లకి టికెట్లు మిగలడమన్నది లేదు. వరసగా నిండిన మ్యాచ్‌ల సంఖ్య మూడు వందలు దాటింది. ఖర్చులు పోను మిగులు చూపించే కాలేజీ మహిళా జట్లు అమెరికాలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, వాటిలో ఇదొకటి.

ఇంకో కారణం చిన్న ఊళ్లు. రాష్ట్రం మొత్తం జనాభా దాదాపు ఇరవై లక్షలే. హూపర్ అని ఒక ఊరుంది, ఎనిమిది వందల మంది ఉంటారేమో. అక్కడి పిల్ల జోర్డన్ లార్సన్ ఈ యూనివర్సిటీలో ఆడి, అమెరికా జట్టులోకి వెళ్లి, టోక్యో ఒలింపిక్స్‌లో బంగారు పతకంతో పాటు ఉత్తమ క్రీడాకారిణి గౌరవం అందుకుంది. 2023లో అసిస్టెంట్ కోచ్‌గా తన యూనివర్సిటీకే తిరిగొచ్చింది. హైస్కూలు జిమ్‌లో ఆమె ఆటని చూసినవాళ్లు ఆ ఊళ్లో ఇంకా ఉన్నారు. ఆ ఊరివాళ్లకి మ్యాచ్ చూడ్డమంటే తమ పిల్లని చూసుకోవడమే.

డెవానీలో సీజన్ టికెట్ మాలాంటి కొత్తవాళ్లకి దొరికేది కాదు. మా ఆఫీసులో పనిచేసే ఒకావిడ వాళ్ల అమ్మానాన్నల సీట్లు అప్పుడప్పుడూ మాకిచ్చేది. పక్క సీట్లో డెబ్బై దాటిన ఒక పెద్దావిడ ఎప్పుడూ ఉండేది. లింకన్‌కి పడమట మొక్కజొన్న, సోయా పండించే కుటుంబం. జట్టు పాత కోలిసియంలో ఆడిన రోజుల నుంచీ వస్తోందట. ఒళ్లో స్పైరల్ నోటుబుక్కు, చెవి వెనక పెన్సిలు. ఒక్కో పాయింటుకి ఎవరు సర్వీస్ చేశారో, ఎవరు కొట్టారో గీతలు గీసుకుంటుంది. ఒక సెట్‌లో ఒకే చోట నాలుగు పాయింట్లు పోతే ఆ గడి చుట్టూ సున్నా చుట్టి, పెదవి బిగించి, కోచ్ వైపు చూస్తుంది.

ఆవిడ మా అమ్మాయికి నేర్పిన పాఠం ఇది: "బంతిని చూడకు. అది ఎటూ కనిపిస్తుంది. సెట్టర్ భుజాల్ని చూడు."

సెట్టర్, అంటే మనవాళ్ల లిఫ్టర్, ఆ ఏడు బెర్గెన్ రైలీ. పక్క రాష్ట్రం సౌత్ డకోటాలోని సూ ఫాల్స్ నుంచి వచ్చిన పిల్ల, కాలేజీలో మొదటి సంవత్సరం. ఆవిడ చెప్పినట్టు చూడ్డం మొదలుపెట్టాక ఆట మొత్తం మారిపోయింది. బంతి వస్తుంటే రైలీ నెట్ దగ్గర గాల్లోకి లేస్తుంది, రెండు చేతులూ నుదుటి పైన. భుజాలు ఎడమ వైపే ఉన్నాయి. అవతలి బ్లాకర్లు ఆ భుజాల్ని నమ్మి ఒక్క అడుగు అటు వేస్తారు. ఆఖరి క్షణంలో మణికట్టు వెనక్కి తిరిగి బంతి తల మీదుగా కుడివైపు మెరిట్ బీసన్ దగ్గరికి పోతుంది. అక్కడ అడ్డం ఒక్కరే. ఆ ఒక్క అడుగు కోసమే ఇంత ఆట. ఇది పట్టుకున్న రోజు మా అమ్మాయి ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి భుజాలు తిప్పుకుంటూ చాలాసేపు గడిపింది.

మ్యాచ్ అయిన మర్నాడు నాన్నకి ఫోన్ చేసేదాన్ని. తణుకు దగ్గర మా ఊళ్లో ఆయన కుర్రతనమంతా వాలీబాలే. "ఏమ్మలూ, మనవాళ్లు కొట్టారా?" అన్నది మొదటి ప్రశ్న. లెక్సీ రోడ్రిగ్స్ లిబెరో కదా, అంటే వెనక వరసలోనే ఉండి బంతి లేపే పిల్ల, ఆమె సర్వీస్ చేసిందంటే ఒప్పుకోలేదు. "లిబెరో సర్వీస్ ఏంటమ్మా?" అంతర్జాతీయ ఆటలో లిబెరో సర్వీస్ చేయకూడదు, ఇక్కడి కాలేజీ ఆటలో ఒక వరసలో చేయొచ్చు. ఆటగాళ్ల మార్పులు కూడా అక్కడ సెట్‌కి ఆరే, ఇక్కడ పదిహేను. అన్నీ విని, "మా రోజుల్లో సర్వీస్ మనదైతేనే పాయింటు, పదిహేను పాయింట్ల గేము గంట సాగేది" అని మొదలుపెట్టేవాడు. ఆ ఫోన్లు నాకు ఆ సీజన్‌లో దొరికిన పెద్ద లాభం. అంతకు ముందు మేం మాట్లాడుకునేది బీపీ మాత్రల గురించి.

అక్టోబరు 21న విస్కాన్సిన్ వచ్చింది. వాళ్లు ఒకటో ర్యాంకు, మనవాళ్లు రెండు. అప్పటికి ఇద్దరూ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. విస్కాన్సిన్‌లో ఆనా స్మ్రెక్ ఎత్తు ఆరడుగుల తొమ్మిదంగుళాలు. మన లెక్సీ అయిదడుగుల అయిదంగుళాలు. స్మ్రెక్ పైనుంచి కొడుతుంటే లెక్సీ నేలకి జానెడు ఎత్తులో ముంజేతులు చాచి లేపుతుంది. అలా లేచిన బంతికి హాల్లో పడే కేక పాయింటుకి పడే కేక కంటే పెద్దది. ఈ జనానికి ఆట తెలుసని నాకు నమ్మకం కుదిరింది అక్కడే. గెలిచిన దెబ్బకి ఎవరైనా చప్పట్లు కొడతారు, పోవాల్సిన బంతి పోకుండా ఆగినప్పుడు లేచి నిలబడేవాళ్లు వేరు. ఆట అయిదో సెట్‌కి వెళ్లింది. పెద్దావిడ పెన్సిలు చెవి వెనక పెట్టేసి నోటుబుక్కు మూసేసింది. నెబ్రాస్కా గెలిచింది.

నవంబరు దాకా ఓటమి లేదు. ఇరవై ఏడు మ్యాచ్‌లు, ఇరవై ఏడు గెలుపులు. ఆ తర్వాత నవంబరు 24న మాడిసన్‌లో అదే విస్కాన్సిన్ మూడు సెట్లలో ఓడించింది. కాన్ఫరెన్స్, అంటే తమ లీగు, టైటిల్ మాత్రం దక్కింది. డిసెంబరులో అరవై నాలుగు జట్ల జాతీయ టోర్నీ. ఒక్కసారి ఓడితే ఇంటికే. టాంపాలో సెమీఫైనల్లో పిట్స్‌బర్గ్‌ని మూడు సెట్లలో ఓడించి, డిసెంబరు 17న ఫైనల్లో టెక్సాస్‌తో ఆడారు. 25-22, 25-14, 25-11. టెక్సాస్ అమ్మాయిల సర్వీస్‌లకి మన పిల్లల దగ్గర జవాబు లేకపోయింది. సర్వీస్‌ని సరిగా లేపలేకపోతే రైలీ భుజాలకి పనేముంటుంది? మూడో సెట్‌లో మా అమ్మాయి సోఫా మీద మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. అయిపోయాక "మనవాళ్లలో నలుగురు మొదటి ఏడాది పిల్లలే కదమ్మా" అంది, నన్ను ఓదారుస్తున్నట్టు. సీజన్ మొత్తం 33 గెలుపులు, 2 ఓటములు.

ఫైనల్లో అంత ఘోరంగా ఓడాక జనం ఏం చేశారన్నది నాకు ముఖ్యం. మళ్లీ ఆగస్టు రాగానే డెవానీ నిండింది. 2024 డిసెంబరులో లూయివిల్‌లో సెమీఫైనల్. పెన్ స్టేట్ మీద రెండు సెట్లు ముందుండి కూడా ఓడారు. ఆ పెన్ స్టేటే టైటిల్ గెలిచింది. వాళ్ల కోచ్ కేటీ షూమాకర్ కాలీ ఆ సీజన్‌లో రొమ్ము క్యాన్సర్‌కి చికిత్స తీసుకుంటూనే జట్టుని నడిపింది. ఈ టైటిల్ గెలిచిన మొదటి మహిళా హెడ్ కోచ్ ఆమే. అమ్మాయిల ఆట, 1981 నుంచీ ఆడుతున్న టోర్నీ, అయినా ఒక మహిళ జట్టుని గెలిపించడానికి 2024 దాకా పట్టింది. ఇంత ఆదరణ ఉన్న దేశంలోనే ఇలా ఉంది. ఆ తర్వాత జనవరిలో జాన్ కుక్ రిటైరయ్యాడు. ఆయన చోట్లోకి డానీ బుస్‌బూమ్ కెల్లీ వచ్చింది. ఈ రాష్ట్రపు పల్లెటూరి పిల్లే. ఇదే జట్టులో సెట్టర్‌గా ఆడి, చివరి సంవత్సరం లిబెరోగా మారి 2006 టైటిల్ గెలిచింది. ఆ కబురు తెలిసినప్పుడు నేనూ మా అమ్మాయీ వంటింట్లో కేకలు పెట్టాం.

నెబ్రాస్కా జనం ఈ అమ్మాయిల్ని ప్రోత్సహిస్తున్నామని అనుకోరు. టికెట్ కొంటారు, తప్పు ఆడితే మూలుగుతారు, ఓడితే రాత్రి అన్నం సహించదు, మళ్లీ వెళ్తారు. ఆడపిల్లల ఆటకి కావలసింది ఈ పట్టింపే.

మన తెలుగు ఊళ్లలో వాలీబాల్ అంటే ఎంత ఇష్టమో నేను చెప్పక్కర్లేదు. పంచాయతీ ఆఫీసు పక్కన రెండు గుంజలు, ఒక నెట్, పైన బల్బులు. సంక్రాంతికి మండలాల నుంచి జట్లు వస్తాయి. రైల్వేలో ఆడిన పి.వి. రమణ గారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన భారత జట్టులో సభ్యుడు. ఆ మ్యాచ్‌ల కబుర్లు నాన్న ఇప్పటికీ చెబుతాడు. రమణ గారి భార్య విజయ గారు కూడా జాతీయ స్థాయిలో వాలీబాల్ ఆడారు. ఆవిడ బ్యాడ్మింటన్ ఆడే పి.వి. సింధు తల్లి అని అందరికీ తెలుసు. ఆవిడ ఆడుతుంటే చూశామని చెప్పినవాళ్లు ఒక్కరూ నాకు తగల్లేదు.

నేను హైస్కూల్లో ఆడాను. మా డ్రిల్లు మాస్టారు ఎనిమిదో క్లాసు నుంచి మా చేత బంతి పట్టించారు. జోనల్ పోటీలకి వెళ్తే చూసేవాళ్లు మా టీచర్లూ, అవతలి జట్టూ. పదో తరగతి అయ్యాక నన్ను చేర్చిన ఇంటర్ కాలేజీలో మైదానమే లేదు. నాతో ఆడిన పిల్లలెవరూ ఆ తర్వాత బంతి ముట్టుకోలేదు. నా బాధ ఒక్క నాది కాదు, ఇది చదివే ఎంతోమంది ఆడవాళ్లది.

ఊరి హైస్కూలుకి డబ్బు పంపే ప్రవాస తెలుగువాళ్లు మనలో చాలామంది. ఈసారి పంపేటప్పుడు ఆడపిల్లలకి ఒక మంచి నెట్, మోకాలి ప్యాడ్లు, సాయంత్రం ఆడుకోడానికి లైట్లు ఏర్పాటు చేయమని అడగండి. సంక్రాంతికి ఊరు వెళ్తుంటే వాలీబాల్ పోటీల్లో అమ్మాయిల జట్లకీ చోటు పెట్టమని కమిటీ వాళ్లతో మాట్లాడండి, బహుమతి డబ్బు సమానంగా ఉండేలా మీరే పూచీ పడండి. పోటీ రోజున కుర్చీ వేసుకుని ముందు వరసలో కూర్చోండి. చివరి పాయింటు పడేదాకా లేవకండి.