మడిచిన పేజీ

వేలం ముగియడానికి ఇంకా నలభై సెకన్లు. తెర మీద అంకె మారినప్పుడల్లా నా గుండె చప్పుడు నాకే వినిపిస్తోంది. నాకు కావలసింది అమెరికన్ పత్రిక ‘ఆస్టౌండింగ్ సైన్స్ ఫిక్షన్’ 1944 మార్చి సంచిక. అప్పటి వెల పాతిక సెంట్లు.

పది రోజులకు పోస్టులో వచ్చింది. యుద్ధకాలపు కాగితం కరువుకి నోటుబుక్కంతకు కుదించుకుపోయిన పత్రిక. చవక గుజ్జు కాగితం. చెక్కలోని లిగ్నిన్ గాలికీ వెలుతురుకీ పసుపెక్కి, అంచులు అప్పడంలా పెళుసుబారాయి. విప్పగానే అటక మీది పాత పెట్టె వాసన.

క్లీవ్ కార్ట్‌మిల్ రాసిన ‘డెడ్‌లైన్’ ఇందులోనే ఉంది. కథలో యురేనియం 235 బాంబు ప్రస్తావన చూసి, అణుబాంబు తయారీ రహస్యం పొక్కిందేమోనని సర్కారు దర్యాప్తు అధికారులు సంపాదకుడు జాన్ కాంప్‌బెల్ గుమ్మం తొక్కారు. అచ్చయి అందరికీ అందుబాటులో ఉన్న విజ్ఞానమే అదంతా. కథగా గొప్పదని నేననను. కానీ సరిగ్గా పదిహేడు నెలలకు హిరోషిమా.

అట్ట మూలన పెన్సిలుతో ఎవరిదో పేరు, సగం చెరిగి ఉంది. ఆ మార్చిలో ఆ మనిషికి ఇది ఊహ. ఏ రాత్రో దీపం కింద చదువుకుని నిద్రపోయి ఉంటాడు. మరుసటి ఏడాది ఆగస్టులో వార్త విన్నాక ఈ పుటలు మళ్లీ తిప్పాడా? తిప్పితే, ఏ వాక్యం దగ్గర వేలు ఆగిపోయిందో! ఊహకీ వార్తకీ నడుమనున్న ఆ పదిహేడు నెలల్నే నేను వేలంలో కొనుక్కున్నానేమో అనిపిస్తుంది.

ఒకచోట పేజీ మూల మడిచి ఉంది. దాన్ని విప్పలేదు. అలాగే తొడుగులో పెట్టి, దీపం తీసేశాను.