లోనావ్లాలో నేర్చుకున్న ఊపిరి

లోనావ్లా అనగానే చాలామందికి చిక్కీయే గుర్తుకొస్తుంది. పూణెకి సుమారు 65 కిలోమీటర్ల దూరంలో, సహ్యాద్రి కొండల మీద ఉన్న ఊరిది. పూణె నుంచి లోకల్ రైళ్లున్నాయి. వానాకాలంలో కొండలన్నీ పచ్చగా, సన్నటి జలపాతాలతో కళకళలాడుతుంటాయి. కార్లా, భాజా గుహలు కూడా దగ్గర్లోనే.

మేం వెళ్లింది మాత్రం కైవల్యధామానికి. స్వామి కువలయానంద 1924లో స్థాపించిన యోగాశ్రమం ఇది. ఆసనాలు వేసేటప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో పరికరాలతో పరీక్షించి చూసిన తొలితరం వారిలో ఆయనొకరు. ఆ వివరాలు అచ్చువేయడానికి ‘యోగ మీమాంస’ అనే పత్రిక కూడా నడిపారు. అక్కడ పప్పు, కూరలు, రొట్టెలు అన్నీ కారం తక్కువ. మన ఆవకాయ నాలుకకి రెండ్రోజులు కష్టమే!

నాకు రెండేళ్లుగా నడుంనొప్పి. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. అమ్మాయి పెళ్లి సంబంధం తప్పిపోయిన రోజున నీళ్ల బిందె కూడా ఎత్తలేకపోయాను. ఇంట్లోవాళ్లేమో “అంతా నీ మనసులోనే ఉంది” అనేవారు. ఆ మాట నొప్పికన్నా ఎక్కువ బాధపెట్టేది.

అక్కడ నేర్పినావిడ నొప్పి నిజమైనదేనని చెప్పారు. దిగులుపడితే మనకి తెలియకుండానే మెడ, భుజాలు, నడుం బిగుసుకుంటాయి. ఊపిరి పైపైనే ఆడుతుంది. నిద్ర పట్టదు. నిద్ర చాలకపోతే చిన్న నొప్పీ పెద్దగా తెలుస్తుంది. ఆ నొప్పి చూసి మళ్లీ దిగులు! గానుగెద్దు తిరిగినట్టే.

దీనికి వారు నేర్పినవి సులువైనవే. బోర్లా పడుకుని చేసే మకరాసనం, వెల్లకిలా పడుకుని చేసే శవాసనం. మనసులో నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. వదిలేటప్పుడు నిదానిస్తే గుండె వేగం తగ్గి, ఒళ్లు సడలుతుంది. ఎన్నాళ్లుగానో ఉన్న నడుంనొప్పికి యోగా కూడా చేసి చూడవచ్చని అమెరికా వైద్యుల సంఘం ఒకటి 2017లో సూచించింది.

నా నొప్పి పూర్తిగా పోలేదు. కానీ వచ్చినప్పుడు భయపడడం తగ్గింది, నిద్ర పడుతోంది.

ఒక్కమాట. కాలు తిమ్మిరెక్కినా, జ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా ముందు డాక్టరు దగ్గరికే వెళ్లండి. అలాంటివి లేకపోతే, మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక చాప పరుచుకుని పది నిమిషాలు మీకోసం ఉంచుకోండి.