ఈల వేసే కొండ మీద

పిల్లలూ! ఉడుతకు పెద్దన్నలాంటి జంతువు ఒకటి ఉన్నది. దాని పేరు మార్మట్. బూడిదరంగు బొచ్చుతో బొద్దుగా ఉంటుంది. కొండరాళ్ళ మధ్య బొరియలు తవ్వుకుని కాపురం చేస్తుంది. పైన గద్ద కనిపించినా, కింద నక్క కనిపించినా తనవాళ్ళను హెచ్చరించడానికి గట్టిగా ఈల వేస్తుంది. కెనడా దేశంలో, పడమటి వైపున, ఇవి విరివిగా ఉండే కొండ ఒకటి ఉన్నది. అందుకని జనం దాన్ని ‘విస్లర్’ అన్నారు. అంటే ‘ఈల వేసేది’ అని అర్థం. కొండ కింద ఉన్న ఊరికి కూడా అదే పేరు.

ఇవాళ మనం ఆ ఊరికి పోదాం. ఊహలో ప్రయాణం గనక టిక్కెట్టు అక్కరలేదు. కాని ఉన్నిబట్టలు మాత్రం మరిచిపోకండి. గడియారాన్ని కూడా బాగా వెనక్కి తిప్పాలి, 2010వ సంవత్సరం మార్చి నెలకు! ఇంకొక సంగతి. మనం పోయేది ఊరికే చూసి రావడానికి కాదు. పని చెయ్యడానికి.

వాంకూవర్ నగరం నుంచి విస్లర్ సుమారు 120 కిలోమీటర్లు. దారిలో చాలా దూరం ఎడమవైపు సముద్రపు పాయ, కుడివైపు నిట్టనిలువు కొండలు. స్క్వామిష్ అనే ఊరి దగ్గర ఒక నల్లరాతి బండ 700 మీటర్ల ఎత్తున గోడలాగా నిలబడి ఉంటుంది. అక్కడినుంచి దారి కొండల్లోకి ఎక్కుతుంది. వాంకూవర్‌లో బయలుదేరినప్పుడు వానజల్లు. రెండు గంటలు గడిచేసరికి చుట్టూ మంచు! చెట్ల కొమ్మల మీద మంచు, ఇళ్ళ కప్పుల మీద మంచు.

ఊరంతా జెండాలు కట్టారు. ఎందుకో తెలుసా? మార్చి 12 నుంచి 21 వరకు అక్కడా, వాంకూవర్‌లోనూ శీతాకాలపు పారాలింపిక్ ఆటలు జరిగాయి. 44 దేశాలనుంచి 500 మందికి పైగా క్రీడాకారులు వచ్చారు. వారిలో కొందరికి కాళ్ళు లేవు. కొందరికి నడుము కింది భాగం పనిచెయ్యదు. కొందరికి చెయ్యి లేదు. కొందరికి చూపు లేదు. వారంతా మంచు మీద పందాలు ఆడడానికి వచ్చినవారే!

ఈ ఆటలు ఎలా పుట్టాయో కూడా చెబుతాను. ఇంగ్లండులో స్టోక్ మాండెవిల్ అనే ఆస్పత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరు ఉండేవాడు. యుద్ధంలో వెన్నెముక దెబ్బతిన్న సైనికులకు ఆయన వైద్యం చేసేవాడు. వారిని మంచాలకు అంటిపెట్టుకుని ఉండనివ్వక ఆటలు ఆడించాడు. 1948లో లండను ఒలింపిక్ ఆటలు ప్రారంభమైన రోజునే ఆయన తన ఆస్పత్రిలో విలువిద్య పోటీ పెట్టాడు. అందులో పాల్గొన్నది 16 మంది! ఆ చిన్న మొక్కే పెరిగి పెద్దదై 1960లో రోములో మొదటి పారాలింపిక్ ఆటలు అయింది. మంచు మీది ఆటలు 1976లో స్వీడన్‌లో మొదలయినాయి. పారాలింపిక్ అంటే ఒలింపిక్‌కు సరిసమానంగా, పక్కపక్కనే నడిచేది అన్నమాట.

సరే, ఇక పనికి పోదాం. ఇటువంటి ఆటలు జరగాలంటే వేలమంది వాలంటీర్లు కావాలి. వాళ్ళకు జీతం ఉండదు. విస్లర్‌లో వాళ్ళకు నీలంరంగు కోట్లు ఇచ్చారు. ఇదిగో, మీ కోటు మీరు తొడుక్కోండి.

అక్కడ తెల్లవారుజామున ఐదు గంటలు. మన ఊళ్ళో సాయంత్రం ఐదున్నర. మీ స్నేహితులు బడినుంచి వచ్చి ఆడుకుంటున్నారు. మీరేమో చీకట్లో కుర్చీలిఫ్టు ఎక్కి కొండమీదికి పోతున్నారు. కుర్చీలిఫ్టు అంటే ఇనపతాటికి వేలాడుతూ పైకి పోయే కుర్చీల వరస. మీ కాళ్ళకు స్కీలు ఉన్నాయి. స్కీలంటే మంచుమీద జారడానికి బూట్లకు బిగించుకునే పొడుగుపాటి పలకలు.

పైన మీతోపాటు పనిచేసేవాళ్ళలో ‘వీజిల్ వర్కర్లు’ అనే ఊరివాళ్ళ దండు ఒకటి ఉన్నది. వీజిల్ అంటే మన ముంగిసలాగా సన్నగా ఉండే జంతువు. ఆ కొండమీద బాగా ఏటవాలుగా ఉన్న ఒక చోటుకు ఆ పేరు పెట్టారు. 1970ల్లో అక్కడి మంచును కాళ్ళతో తొక్కి పందాలకు చదును చేసినవాళ్ళకు ఆ పేరే నిలిచిపోయింది.

పందెం దారిమీద మంచు గట్టిగా, నున్నగా ఉండాలి. మెత్తగా ఉంటే ముందు పోయినవాళ్ళు గాడులు పెడతారు, వెనక వచ్చేవాళ్ళు వాటిలో పడతారు. అందుకని వాలంటీర్లు స్కీలను అడ్డంగా పెట్టి, వరసగా నిలబడి, మెల్లిగా కిందికి జారుతూ వదులు మంచును పక్కకు నెట్టివేస్తారు. కొందరు పొడుగు కర్రలున్న దంతెలతో చదును చేస్తారు. మార్చి ఎండకు మంచు మరీ మెత్తబడితే దానిమీద ఉప్పు చల్లుతారు!

“అదేమిటి, ఉప్పు వేస్తే మంచు కరగదా?” అంటారేమో. కరుగుతుంది. కాని కరగడానికి వేడి కావాలి గదా! ఆ వేడిని అది చుట్టూ ఉన్న మంచులోనుంచే లాక్కుంటుంది. దాంతో ఆ మంచు ఇంకా చల్లబడుతుంది, కరిగిన తడి మళ్ళీ గడ్డకట్టి రాయిలాగా బిగుసుకుంటుంది. ఐస్‌క్రీం చేసేవాడు డబ్బా చుట్టూ మంచుగడ్డలు వేసి వాటిమీద ఉప్పు చల్లడం మీరు చూశారా? అక్కడ జరిగేదీ ఇదే.

తెల్లవారింది. దారి సిద్ధమయింది. ఇప్పుడు మీకు అసలైన పని ఇస్తారు. ఒక అట్ట, ఒక పెన్సిలు ఇచ్చి దారి పక్కన నిలబెడతారు. ఇవాళ జరిగేది స్లాలమ్ పందెం. దారిపొడుగునా కర్రలు పాతి ఉంటాయి. క్రీడాకారులు వాటి మధ్యనుంచి మెలికలు తిరుగుతూ దిగాలి. ఒక్క కర్రను సరిగ్గా చుట్టిరాకపోయినా పందెం పోయినట్టే. మీ ముందున్న కర్రలను ఎవరు సరిగ్గా దాటారు, ఎవరు దాటలేదు అని చూసి అట్టమీద రాయాలి. మీరు పొరపాటు పడితే ఒకరి నాలుగేళ్ళ కష్టం నీళ్ళపాలవుతుంది.

అదిగో, ఒక అమ్మాయి వస్తున్నది! ఆమె కాళ్ళు కదలవు. ఒకే ఒక స్కీ మీద, స్ప్రింగు పైన బిగించిన కుర్చీలో కూర్చున్నది. రెండు చేతుల్లోనూ పొట్టి కర్రలు. ఆ కర్రల చివర చిన్న చిన్న స్కీలు. ఒంటిని అటూ ఇటూ వంచుతూ బాణంలాగా దిగుతున్నది. మీ ముందు కర్ర చుట్టూ తిరిగింది. తిరిగి... పడిపోయింది! కుర్చీ పక్కకు ఒరిగింది. ఆమె ముఖం నిండా మంచు.

ఇప్పుడు మీరేం చేస్తారు?

“పరుగెత్తుకుపోయి లేవనెత్తుతాం” అంటారు. మీది మంచి మనసే. కాని ఆగండి! మీ చెయ్యి తగిలితే ఆమె పందెం అక్కడితో సరి. పందెం మధ్యలో బయటివారి సాయం అందుకున్నవారిని పోటీనుంచి తీసివేస్తారు. అది నియమం. కాళ్ళున్నవారి పందానికీ అదే నియమం, కాళ్ళు లేనివారి పందానికీ అదే. జాలిపడి మీరు చాపిన చెయ్యి ఆమె పతకాన్ని తన్నుకుపోతుంది!

ఆమె తల ఎత్తి మీవైపు చూసింది. కర్రను సరిగ్గా చుట్టానా లేదా అని అడుగుతున్నది. దీనికి మాత్రం మీరు బదులు చెప్పవచ్చు. అదీ ఒక్క మాటే: “పో!” లేకపోతే “వెనక్కి!” అంతకు మించి ఒక్క మాట కూడా పనికిరాదు. మీరు కళ్ళప్పగించి చూస్తూనే ఉన్నారు గనక మీకు తెలుసు. ఆమె స్కీ కొన కర్రను చుట్టే వచ్చింది. గట్టిగా అరవండి: “పో!”

ఆమె ఒక కర్రను మంచులో గుచ్చింది. భుజం బిగించి ఒక్క తోపు తోసింది. కుర్చీ సగం లేచి మళ్ళీ పడింది. మీ చేతులు ఊరుకోవడం లేదు. వాటిని జేబుల్లో పెట్టుకోండి! రెండో తోపుకు కుర్చీ నిలబడింది. జర్రున జారి మలుపులో మాయమయింది. మీరు అట్టమీద రాసుకున్నారు. ఊపిరి పీల్చుకోవడం కూడా అప్పుడే గుర్తుకు వచ్చింది. ఆమెకు దెబ్బ తగిలి ఉంటే సంగతి వేరు. అప్పుడు పందెం ఆపి డాక్టర్లను పిలుస్తారు. కాని పడడం వేరు, దెబ్బతినడం వేరు. ఆ తేడా తెలుసుకోవడమే వాలంటీరు నేర్చుకోవలసిన పెద్ద పాఠం.

పందెం అయిపోయాక మీరు కిందికి దిగారు. ఆమె అక్కడే ఉన్నది. “ఏమైనా కావాలా?” అని అడిగారు. “ఆ నీళ్ళసీసా కాస్త ఇటు ఇస్తావా?” అన్నది. ఇచ్చారు. చూశారా? ముందు అడగాలి, తరవాత చెయ్యాలి. అడగకుండా ఒకరి చక్రాల కుర్చీని తొయ్యడమంటే, నడిచిపోయే మనిషిని చొక్కా పట్టుకుని ఈడ్చుకుపోవడంలాంటిదే.

మధ్యాహ్నం కాలహన్ లోయకు పోదాం. అది కూడా విస్లర్ దగ్గరే. అక్కడ అడవిలో దూరపు పందాలు జరుగుతాయి. ఇక్కడ బ్రయాన్ మెకీవర్ అనే ఆయనను చూడాలి. పందొమ్మిదో ఏట ఆయన కళ్ళకు జబ్బు వచ్చింది. చూపు మధ్యభాగం పోయి అంచులు మాత్రం మిగిలాయి. మీ పిడికిళ్ళు రెండూ కళ్ళ ముందు పెట్టుకుని చూడండి. ఆయనకు లోకం ఎలా కనిపిస్తుందో కొంచెం అర్థమవుతుంది. ఆయనకు ముందుగా అన్న రాబిన్ స్కీల మీద పోతూ దారి చెబుతాడు. ఈ రాబిన్ కూడా 1998లో నగానో ఒలింపిక్ ఆటల్లో పోటీ చేసినవాడే. రామలక్ష్మణుల్లాంటి ఈ అన్నదమ్ములు విస్లర్‌లో 3 బంగారు పతకాలు గెలిచారు.

ఇలాటి పందాల్లో చూపులేనివారికి దారి మాటలోనే ఉంటుంది. “కుడి! ఎడమ! ఎక్కుడు! దిగుడు!” అందుకని వారు పోతూంటే పక్కన గోల చెయ్యకూడదు. చప్పట్లు కొట్టాలని ఉన్నా వాలంటీర్లు వేలు పెదవులమీద పెట్టుకుని నిలబడతారు. చప్పుడు చెయ్యకపోవడం కూడా సాయమే!

ఇంకా వింత ఏమిటంటే, చూపులేనివారు తుపాకి కూడా కాలుస్తారు. పది మీటర్ల దూరాన గురి ఉంటుంది. వాళ్ళు చెవులకు ఒక యంత్రం పెట్టుకుంటారు. తుపాకి గురికి దగ్గరగా తిరిగేకొద్దీ అందులో కూత సన్నగా, పైస్థాయికి పోతుంది. అందరికన్నా పై స్వరం వినిపించినప్పుడు మీట నొక్కుతారు. చెవులతో గురి చూడడమంటే ఇదే!

ఆ ఆటల్లో ఎక్కువగా వినబడిన పేరు మరొకటి, లారెన్ వూల్‌స్టెన్‌క్రాఫ్ట్. ఆమె విద్యుత్ ఇంజనీరు. పుట్టుకతోనే మోకాళ్ళ కింద కాళ్ళు లేవు, ఎడమ మోచేతి కింద చెయ్యి లేదు. పెట్టుడుకాళ్ళతో స్కీలమీద నిలబడి, ఐదు పందాల్లో దిగి ఐదింటిలోనూ బంగారు పతకాలు తెచ్చుకున్నది.

“ఒకరికి చెయ్యి లేదు, ఒకరికి కాలు లేదు. మరి పోటీ సమానం ఎలా అవుతుంది?” అని మీరు అడగాలి. దానికి ఒక లెక్క ఉన్నది. కూర్చుని ఆడేవారు, నిలబడి ఆడేవారు, చూపులేనివారు అని మూడు జట్లు చేస్తారు. ఒక జట్టులో కూడా వైకల్యం ఎక్కువ తక్కువలు ఉంటాయి గనక ఒక్కొక్క తరగతికి ఒక్కొక్క అంకె కట్టి, పట్టిన కాలాన్ని దానితో గుణిస్తారు. ఒకరి అంకె 0.9 అనుకుందాం. వారికి 100 సెకన్లు పడితే 90గా లెక్కిస్తారు. ఇది దయతో ఇచ్చే మార్కులు కాదు; తక్కెడ ముల్లు సరిచెయ్యడం, అంతే.

చీకటి పడుతున్నది. మనం ఇంటికి పోవాలి. నీలంకోటు విప్పి ఇవ్వండి. అన్నట్టు, ఇంతసేపు ఉన్నా మార్మట్ ఈల మనకు వినబడలేదు! మార్చిలో అవి మంచు కింద, బొరియల్లో ఇంకా నిద్రపోతూ ఉంటాయి.

అయినా వాటి సంగతి గుర్తుపెట్టుకోండి. గద్ద వచ్చినప్పుడు మార్మట్ ఎవరినీ ఎత్తుకుని పరుగెత్తదు. సమయానికి ఒక్క ఈల వేస్తుంది. పరుగెత్తడం ఎవరి పని వారిదే. ఆ పందెం దారి పక్కన నిలబడి “పో!” అన్నప్పుడు మీరు చేసిందీ అదే.

రేపు బడిలో కర్రల సాయంతో నడిచే స్నేహితుడో, చూపు సరిగ్గా లేని స్నేహితురాలో మెట్లదగ్గర ఆగితే గబగబా పోయి చెయ్యి పట్టుకోకండి. అలాగని ముఖం తిప్పుకునీ పోకండి. దగ్గరికి పోయి, “నేనేమైనా చెయ్యనా?” అని అడగండి. “వద్దు” అంటే పక్కనే నడవండి. “ఊఁ” అంటే, ఏం చెయ్యాలో వారినే చెప్పమనండి.