నా నంబర్‌లో ఒక అంకె

ముందే చెప్పేస్తా, ఇది నేను సగం చేసి పారిపోయిన ఒక పని గురించి.

నా ఆఫీసు గచ్చిబౌలిలో, రూమ్ మాత్రం శంషాబాద్‌లో. ఇక్కడ అద్దె తక్కువ, ఔటర్ ఎక్కితే ఆఫీసు మరీ దూరం కాదు. రాత్రి కాల్స్ అయ్యాక క్యాబ్ నన్ను హైవే మీద దింపేసరికి పదకొండున్నర దాటుతుంది. దిగేచోట బస్ షెల్టర్‌లో ఒక అవ్వ కూర్చుని ఉండేది. మొదటి రోజు బస్సు కోసమేమో అనుకున్నా. రెండో రోజూ అక్కడే ఉంది. నాలుగో రోజు పక్కన టీ కొట్టు అన్నని అడిగా.

"ఆమెనా? వారం దాటింది తమ్మీ. జహంగీర్ పీర్ దర్గాకు వచ్చినోళ్లెవరో దింపి పోయిన్రంటున్నరు. పొద్దుగాల చాయ్, బన్ను నేనే ఇస్తున్న" అన్నాడు.

దగ్గరికి వెళ్లి "ఏ ఊరవ్వా?" అని అడిగా. ఒక ఊరి పేరు చెప్పింది. కాసేపటికి ఇంకో ఊరు చెప్పింది. "మా బస్సు రాలే బిడ్డా" అని మాత్రం ప్రతిసారీ చెప్పింది.

రైల్వే స్టేషన్ ఉన్న ఊళ్లో ఇల్లు లేనివాళ్లకి కనీసం ఒక ప్లాట్‌ఫామ్ దొరుకుతుంది. మా దగ్గర ఉన్నది ఎయిర్‌పోర్ట్. 2008 మార్చిలో మొదలైంది, సుమారు 5,500 ఎకరాలు. రాత్రంతా లైట్లు, ఏసీ, లెక్కలేనన్ని కుర్చీలు ఉంటాయి, కానీ టికెట్, ఐడీ లేకుండా టెర్మినల్ లోపలికి పోనివ్వరు. సెక్యూరిటీకి అది తప్పదు, నాకు తెలుసు. కానీ ఆ అవ్వ కూర్చున్న చోటి నుంచి విమానాలు దిగడం చక్కగా కనిపిస్తుంది.

ఆ రాత్రి ఫోన్ పట్టుకుని కూర్చున్నా. పెద్ద నగరాల్లో లక్ష జనాభాకి ఒక షెల్టర్ ఉండాలని, అది రోజంతా, ఏడాదంతా నడవాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. తల్లిదండ్రులని, పెద్దవాళ్లని రోడ్డున వదిలేస్తే శిక్ష వేసే చట్టం 2007 నుంచీ ఉంది. చదవడానికి చాలా బాగుంది. నేను ఫోన్ చేసిన ఒక షెల్టర్‌లో ఆడవాళ్లకి చోటు లేదన్నారు. ఇంకోచోట, తన పని తాను చేసుకోలేనివాళ్లని తీసుకోం అన్నారు. పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567 రాత్రి 8 దాటితే పనిచేయదు. పొద్దున చేస్తే ఎత్తారు, ఓపిగ్గా విన్నారు, ముందు పోలీసులకి చెప్పమన్నారు. స్టేషన్‌లో కాగితం రాసిచ్చిన కానిస్టేబులే సిస్టర్లు నడిపే ఒక ఇంటి అడ్రస్ చెప్పాడు.

ఆ ఇంటి పేరు ఇక్కడ రాయడం లేదు. సిస్టర్ వద్దన్నారు. ఎక్కడైనా పేరు పడితే ఆ వారమంతా రాత్రిళ్లు గేటు ముందు ఆటోలు ఆగుతాయట. పొద్దున లేచి చూస్తే ఎవరో ఒక ముసలమ్మ, పక్కన ఒక సంచి.

ఆటోలో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. విషయం చెప్తే, "చర్చి వాళ్లా? మతం మార్చేస్తారేమో రా, చూసుకో" అంది. అప్పుడు విసుక్కున్నాను కానీ నా మనసులోనూ అదే ఉంది. అయినా దేవుడి పేరు ఉందని ప్రతి చోటినీ కళ్లు మూసుకుని నమ్మేయక్కర్లేదు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గా చుట్టూ ఉన్న ఆశ్రమాల్లో ఒకదానికి నిప్పంటుకుంది. మానసిక రోగులని గొలుసులతో కట్టేసి ఉంచారు. 28 మంది చనిపోయారు.

ఇక్కడ గొలుసులు లేవు. ఫినాయిల్ వాసన, తీగల మీద ఆరేసిన దుప్పట్లు, నలభై దాకా మంచాలు ఉన్నాయి. సిస్టర్‌ది కేరళ, తెలుగు బాగానే వచ్చు. కాగితాలు తీయకముందే బకెట్‌లో గోరువెచ్చని నీళ్లు తెప్పించి అవ్వ కాళ్లు అందులో పెట్టించారు. మడమలు పగిలి ఉన్నాయి. అవ్వ "మంచిగుంది" అని కళ్లు మూసుకుంది. వారం రోజుల్లో ఆమె బస్సు గురించి కాకుండా ఇంకో మాట అనడం నేను వినడం అదే మొదలు.

తర్వాత రిజిస్టర్ తీశారు. అందులో 'మతం' అని ఒక గడి ఉంది. నా అనుమానం లేచి కూర్చుంది.

"ఇదెందుకు సిస్టర్?"

"చివర్లో కావాలి బాబూ. కాల్చాలా, పాతిపెట్టాలా, ఎవర్ని పిలవాలి... మనం ఇప్పుడే రాసుకోకపోతే అప్పుడు ఎవరు చెప్తారు?"

అవ్వ మెడలో దర్గాలో కట్టిన తాయెత్తు ఉంది. ముంజేతి మీద తులసికోట పచ్చబొట్టు ఉంది. ఏ దేవుడికి మొక్కుతావు అని అడిగితే "అందరికీ" అంది. సిస్టర్ తాయెత్తు, తులసి రెండూ రాశారు.

ఇది కొత్త పద్ధతేం కాదు. 1952లో మదర్ థెరిసా కోల్‌కతాలో 'నిర్మల్ హృదయ్' మొదలుపెట్టింది కాళీఘాట్ గుడి పక్కన, యాత్రికుల కోసం కట్టిన ధర్మశాలలోనే. అక్కడ ప్రాణం పోయేవాళ్లు హిందువులైతే గంగాజలం, ముస్లింలైతే ఖురాన్, క్రైస్తవులైతే వాళ్ల ప్రార్థన.

ఆ పక్క గడి నాది. 'సమాచారం ఇవ్వాల్సిన వ్యక్తి, ఫోన్ నంబర్'.

పెన్ను పట్టుకుని ఆగిపోయా. ఏదో ఒక రాత్రి ఫోన్ మోగుతుంది. ఆస్పత్రికో, శ్మశానానికో రమ్మంటారు. ఆమె నాకేమవుతుంది? ఆఫీసులో ఆన్-కాల్ ఉన్నప్పుడు రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే గుక్క తిప్పుకోకుండా లేచి కూర్చుంటా. అది గుర్తొచ్చింది కూడా. అయినా చివరి 7ని 1లాగా రాశా. ఎవరైనా అడిగితే చేతిరాత బాలేదని చెప్పొచ్చు కదా. థాంక్స్ చెప్పి వచ్చేశా.

తిరుగు బస్సులో నిలబడి, ఇలాంటి ఇళ్లు ఎవరు మొదలుపెట్టారా అని ఫోన్‌లో వెతికా. సికింద్రాబాద్‌లో వృద్ధాశ్రమం నడిపే 'లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్' మనవాళ్లు చాలామందికి తెలుసు. ఆ సంస్థ పుట్టింది ఫ్రాన్స్‌లో. 1839 చలికాలంలో జాన్ జుగాన్ అనే ఆవిడ, చూపులేని, సగం పక్షవాతం వచ్చిన ఒక ముసలామెని ఎత్తుకుని మెట్లెక్కి, తన మంచం మీద పడుకోబెట్టింది. తను వెళ్లి అటకమీద పడుకుంది. అప్పటికి ఈవిడకీ 47 ఏళ్లు, పైగా పేదరాలు. తర్వాత బుట్ట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అడుక్కొచ్చి నడిపింది. ఈ సిస్టర్లు ఇప్పటికీ చందాల మీదే బతుకుతారు.

నన్ను పట్టేసింది మాత్రం ఆ తర్వాతి కథ. ఒక ఫాదర్ ఆమెని పక్కకి తప్పించి, తనే స్థాపకుణ్నని చెప్పుకున్నాడు. ఆఖరి 27 ఏళ్లు ఆమె ఆ సంస్థ ఇంట్లోనే ఒక మూల బతికింది. కొత్తగా చేరిన చాలామంది సిస్టర్లకి ఈమే మొదలుపెట్టిందని తెలీదు. 1879లో చనిపోయింది. 2009లో సెయింట్‌గా ప్రకటించారు. పేరు రాయొద్దన్న మన సిస్టర్ గుర్తొచ్చి, నేను రాసిన 1 కూడా గుర్తొచ్చి ఫోన్ జేబులో పెట్టేశా.

రెండు ఆదివారాలు వెళ్లలేదు. పనుంది అని నాకు నేనే చెప్పుకున్నా. మూడో ఆదివారం అరటిపళ్లు కొనుక్కుని వెళ్లా. అవ్వకి జుట్టు కత్తిరించారు, చిన్నపిల్లలా ఉంది. నన్ను గుర్తుపట్టలేదు. "బస్సొచ్చిందా?" అని అడిగింది. ఇంకా లేదవ్వా అంటే పండు ఒలవమని చేతికిచ్చింది.

వచ్చేటప్పుడు రిజిస్టర్ ఒకసారి ఇవ్వమని అడిగా. సిస్టర్ ఎందుకని అడగలేదు. నేరుగా ఆ పేజీయే తీశారు.

"మీరు వెళ్లిన సాయంత్రమే చేసి చూశాం బాబూ. చాలామంది ఇలాగే రాస్తారు. కర్నూలులో ఎవరో ఆయన ఎత్తారు."

నేను తల దించుకున్నా.

"రాంగ్ నంబర్ అని చెప్పి పెట్టేయబోతుంటే, ఎవరమ్మా ఆ పెద్దావిడ అని అడిగారు. చెప్పాం. అప్పట్నుంచి రెండుసార్లు ఆయనే ఫోన్ చేశారు, తింటున్నారా అని."

1ని 7గా దిద్దడానికి పెన్ను పెట్టా. సిస్టర్ నా చెయ్యి ఆపారు. కింద ఖాళీ ఉంది, మీది అక్కడ రాయండి, ఆయనది కొట్టేయొద్దు అన్నారు.